నర్సరీ సీటు కోసం తిరిగే అమ్మానాన్నలకు: కొన్ని అపోహలు, అసలు సంగతులు

దసరా సెలవులు అయ్యాయంటే హైదరాబాద్‌లో పేరున్న ప్రైవేటు బళ్లలో వచ్చే ఏడాది నర్సరీ, పీపీ-1 (ఎల్‌కేజీ) దరఖాస్తుల హడావిడి మొదలవుతుంది. అప్పట్నుంచి సంక్రాంతి దాకా నా ఫోన్ ఆగదు. చాలా ఏళ్లుగా చిన్నపిల్లల అడ్మిషన్లు చూస్తున్నదాన్ని. అడిగేవాళ్లు మారతారు గానీ ప్రశ్నలు దాదాపు అవే.

అపోహ: పాపకి ఇంగ్లిష్ రాకపోతే సీటు రాదు.

మూడేళ్ల పిల్లల దగ్గర మేం చూసేది వేరు. అమ్మ పక్కగదిలో ఉంటే కాసేపు ఉండగలదా? పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుందా? "ఆ బంతి ఇటు తీసుకురామ్మా" అంటే అర్థమవుతుందా? బాత్రూమ్ వస్తే ఏదో ఒకలా చెప్పగలదా? కాకి బొమ్మ చూపిస్తే "కాకి" అన్న పాప సరైన జవాబే చెప్పింది.

కోచింగ్ తీసుకున్న పిల్లలు మాకు నిమిషంలో తెలిసిపోతారు. పేరు, నాన్న పేరు, ఇష్టమైన రంగు గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు. వరస మార్చి "పొద్దున ఏం తిన్నావు నాన్నా?" అని అడిగామా, ఆగిపోయి అమ్మ మొహం చూస్తారు. ఇడ్లీ తిన్నానని చెప్పడానికి భయపడే స్థితికి పిల్లాణ్ని తెచ్చింది ఆ కోచింగే. దానికి మళ్లీ ఫీజు కూడా.

ఇంగ్లిష్ చూసే బళ్లు అసలు లేవని అనను. ఉన్నాయి. మూడేళ్ల పిల్లని ఇంగ్లిష్ రాదని వద్దన్న బడి, ఆ పిల్ల ఏడిస్తే ఏ భాషలో ఓదారుస్తుందో మీరే ఊహించుకోండి.

అపోహ: ఇంటర్వ్యూ పిల్లలకి.

సగం మీకే. ఇల్లు ఎంత దూరం, మధ్యాహ్నం బస్సు దిగేటప్పటికి ఇంట్లో ఎవరుంటారు, అక్కో అన్నో ఇదే బడిలో ఉన్నారా... వీటి మీదే చాలా సీట్లు తేలతాయి. చదువుతున్న పిల్లల తమ్ముళ్లు, చెల్లెళ్లు, సిబ్బంది పిల్లలు పోగా మిగిలినవే బయటివాళ్లకి. సీటు రాలేదంటే మీ వాడిలో లోపముందని కాదు. ఇంటికెళ్లి వాణ్ని "నువ్వు సరిగ్గా చెప్పలేదు" అని మాత్రం అనకండి.

అపోహ: ఇంటర్వ్యూలు, డొనేషన్లు చట్టప్రకారం నిషేధం కదా, ఎవరూ అడగరు.

విద్యాహక్కు చట్టం, 2009లో 13వ సెక్షన్ నిజంగానే రెండింటినీ వద్దంది. క్యాపిటేషన్ ఫీజు, అంటే డొనేషన్, తీసుకుంటే దానికి పదింతల దాకా జరిమానా. పిల్లల్ని వడపోస్తే మొదటిసారి రూ.25,000 దాకా, ఆ తర్వాత ప్రతిసారీ రూ.50,000 దాకా. చిక్కెక్కడంటే, చట్టం మాట్లాడేది 6 నుంచి 14 ఏళ్ల పిల్లల గురించి. నర్సరీలో జనరల్ సీట్లకు, అంటే ఏ కోటా లేని సీట్లకు, ఇది వర్తించదని ఢిల్లీ హైకోర్టు 2013లో తేల్చింది. మైనారిటీ విద్యాసంస్థలకు చట్టమే వర్తించదని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. అందుకే బళ్లు పరీక్ష అనకుండా "ఇంటరాక్షన్" అంటాయి. మీరు చేయగలిగింది ఒకటే: రసీదు లేకుండా రూపాయి కూడా ఇవ్వకండి. సీటు ఇప్పిస్తానని తిరిగే మధ్యవర్తి సీటు వస్తే తన గొప్ప అంటాడు, రాకపోతే ఫోన్ ఎత్తడు.

అపోహ: ఒక ఏడాది ముందే వేస్తే ఏడాది కలిసొస్తుంది.

కలిసిరాదు, తిరిగి ఎదురొస్తుంది. జాతీయ విద్యావిధానం 2020 ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంటుంది. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుంచే ఇది అమలు చేస్తున్నాయి. వెనక్కి లెక్కేసుకోండి: నర్సరీకి మూడు, పీపీ-1కి నాలుగు, పీపీ-2 (యూకేజీ)కి ఐదు నిండాలి. ఏ తేదీకి నిండాలన్నది బడిని బట్టి మారుతుంది, ఫారం కొనకముందే అడగండి. రెండున్నరకే చేర్చుకునే బడి ఎక్కడో దొరుకుతుంది. ఆ తర్వాత నాన్నకి బదిలీ అయితే కొత్త ఊళ్లో బడి "వయసు చాలదు, చదివిన తరగతే మళ్లీ" అంటుంది. స్నేహితులందరూ పైక్లాసుకి వెళ్తుంటే తను మాత్రం ఎందుకు ఆగాలో ఆ వయసు పిల్లకి ఎలా చెబుతారు?

కాగితాల మాట. చాలామంది చివరి నిమిషంలో పరుగెత్తేది బర్త్ సర్టిఫికెట్ కోసం. ఆసుపత్రి నుంచి వివరాలు వెళ్లేనాటికి మన ఇళ్లలో బారసాల కూడా అయ్యుండదు, పేరు గడి ఖాళీగా ఉండిపోతుంది. నమోదైన 12 నెలల్లోపు అయితే పేరు ఉచితంగా చేర్చుకోవచ్చు. ఆ తర్వాత రుసుము కట్టి 15 ఏళ్ల వరకూ చేర్చుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేరడానికి ఈ సర్టిఫికెట్టే ఆధారమని సవరించిన జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, దీంట్లో పొడి అక్షరంగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. పదో తరగతి మెమో దాకా సాగదీస్తే తలనొప్పి పదింతలవుతుంది.

అపోహ: బడి బోర్డు మీద "ఇంటర్నేషనల్" ఉంటే ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్ సిలబస్), "సీబీఎస్ఈ" ఉంటే సీబీఎస్ఈ.

పేరులో ఇంటర్నేషనల్ అని ఎవరైనా పెట్టుకోవచ్చు. "సీబీఎస్ఈ ప్యాటర్న్" అంటే గుర్తింపు ఉన్నట్టు కాదు. అఫిలియేషన్ (గుర్తింపు) నంబర్ అడిగి, సీబీఎస్ఈ వాళ్ల గుర్తింపు వెబ్‌సైట్ సారస్ పోర్టల్‌లో సరిచూసుకోండి. అడిగితే మొహం ముడుచుకునే బడి అయితే మీ పని ఇంకా సులువు.

అపోహ: ఖరీదైన బళ్లు మనలాంటి వాళ్లకి కావు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు ఇది చదవండి. విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(1)(సి) కింద ప్రైవేటు బళ్లలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకి ఇవ్వాలి. ప్రభుత్వం ఆన్‌లైన్‌లో దరఖాస్తులు తీసుకుని లాటరీ వేస్తుంది. ఇంటరాక్షన్ ఉండదు. గడువు దాటాక తెలుసుకునేవాళ్లే ఎక్కువ, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా చెప్పండి.

వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లు అప్పుడే ఆశ వదిలేసుకోకండి. చాలామంది రెండు మూడు బళ్లలో కట్టి, వేసవిలో ఒకటి ఖాయం చేసుకుని మిగతావి వదిలేస్తారు. మే నెలలో మేం జాబితా తీసి వరసగా ఫోన్లు చేస్తాం. అప్పటికి ఫారంలో ఇచ్చిన నంబర్ మార్చేసినవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.