ఆవు కాళ్ల మధ్య ఆరు వేల వోల్టులు

చింతచెట్టు మీద పిడుగు పడిందట. పది మీటర్ల దూరంలో మేస్తున్న ఆవు చచ్చిపోయింది, పక్కనే ఉన్న కాపరి బతికాడు. అతని గండాన్ని ఆవు తన మీద వేసుకుందని ఊరంతా అంటోంది, నిజమేనా అని ఒక పాఠకుడి ప్రశ్న. గండాల లెక్క నాకు రాదు, గిట్టల లెక్క వచ్చు.

పొటెన్షియల్ భేదం, అంటే రెండు చోట్ల మధ్య వోల్టేజి తేడా, నిర్వచనాన్ని పదో తరగతిలో అందరం వల్లె వేసినవాళ్లమే. "ఎక్కడికీ ఎక్కడికీ మధ్య?" అని అడగడం మాత్రం ఎవరూ నేర్పలేదు. కిటుకంతా అక్కడే ఉంది.

ఉల్లిపాయను అడ్డంగా కోసి, కోసిన ముఖం పైకి కనిపించేలా నేలలో పాతామనుకోండి. నడిమధ్యన చెట్టు మొదలు. అక్కడ దిగిన 30,000 ఆంపియర్ల కరెంటు పొర తర్వాత పొర దాటుకుంటూ బయటికి పాకుతుంది. ప్రతి పొర దగ్గరా కొంత వోల్టేజి సుంకంగా కట్టాలి. లోపలి పొరలు ఇరుకు, సుంకం ఎక్కువ. బయటివి విశాలం, సుంకం తక్కువ. పొర నిరోధం అంటే విశిష్ట నిరోధాన్ని (ఆ మట్టి కరెంటును ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే అంకెను) మందంతో గుణించి, వైశాల్యంతో భాగించడమే. అర్ధగోళం వైశాల్యం 6.28 × దూరం వర్గం. మట్టి విశిష్ట నిరోధం 100 ఓమ్-మీటర్లు అనుకుని, అక్కడి నుంచి అనంత దూరం దాకా పొరల నిరోధాలన్నీ కూడి కరెంటుతో గుణిస్తే, చెట్టు నుంచి ఎంత దూరంలోనైనా వోల్టేజి = 4,77,000 ÷ దూరం (మీటర్లలో).

ఆవు చెట్టు వైపు తిరిగి ఉంది. ముందు గిట్టలు 10 మీటర్ల దగ్గర: 47,700 వోల్టులు. వెనక గిట్టలు 11.5 దగ్గర: 41,500. తేడా 6,200. పైగా ఆ కరెంటు ముందు కాళ్ల నుంచి వెనక కాళ్లకు గుండె మీదుగానే పోవాలి. అర మీటరు ఎడంగా కాళ్లు పెట్టిన మనిషికి తేడా 2,300, అదీ ఒక కాలెక్కి రెండో కాలు దిగిపోతుంది. పాదాలు రెండూ 10 సెంటీమీటర్ల దగ్గరికి చేరిస్తే 470. అన్నట్టు, ఆవు చెట్టుకు అడ్డంగా తిరిగి ఉంటే ముందు గిట్టలూ వెనక గిట్టలూ దాదాపు ఒకే పొర మీద ఉండేవి! 11,000 వోల్టుల తీగ మీద కాకి నిశ్చింతగా కూర్చునేదీ ఇందుకే: దాని రెండు కాళ్ల మధ్య తేడా దాదాపు సున్నా.

2016 ఆగస్టులో నార్వేలోని హార్డాంగర్‌విడ్డా పీఠభూమిలో పిడుగుపాటుకు 323 రెయిన్‌డీర్లు ఒక్కసారే చనిపోయాయి. నాలుగు కాళ్ల జంతువులు, పైగా గుంపుగా నిలబడ్డాయి.

ఉరిమినప్పుడల్లా మా అమ్మమ్మ "అర్జునా, ఫల్గుణా" అంటూ మమ్మల్ని ఇంట్లోకి తరిమేది. పేర్ల మహిమ ఎంతో గానీ, ఇంట్లోకి తరమడం మాత్రం నూటికి నూరు పాళ్లు సరైన పని.

కాపరి అప్పుడు ఎలా ఉన్నాడని పాఠకుణ్ణి తిరిగి అడిగాను. గట్టు మీద కాళ్లు దగ్గరికి ముడుచుకుని గొంతుక్కూర్చుని, బీడీ వెలిగించుకుంటున్నాడట.