తుపాను కబురు ఎవరు చెబితే నమ్మాలి?

అక్టోబరు వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అందరికీ టెన్షనే. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టకముందే ఫోన్లలో తుపాను తీరం దాటేస్తుంది. అది రాసిందెవరో, ఎప్పుడు రాశారో తెలీదు.

వెనక ఇలా ఉండేది కాదు. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ మాట తీరానికి చేరేది రేవుల్లో కట్టే సంకేతాలతోనే. పగలు శంకువుల్లాంటి ఆకారాలు, రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో మూడో నెంబరు ప్రమాద హెచ్చరిక అని ఇప్పటికీ పేపర్లో చదువుతుంటాం. ఇలాంటి నెంబర్లు మొత్తం పదకొండు. వాటిలో నాకు ఎంతో గౌరవం చివరిదాని మీద. పది అంటే పెను ప్రమాదం. పదకొండు అంటే, వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. తనకు కబురు అందడం లేదన్న సంగతినీ రేవు దాచుకోలేదు.

తర్వాత రేడియో, టీవీ వచ్చాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర విరుచుకుపడింది. గంటకు 165 కిలోమీటర్ల దాకా వీచిన గాలికి, ఏళ్ల తరబడి పెంచుకున్న కొబ్బరి, జీడి తోటలు తెల్లారేసరికి నేలమట్టం. అప్పటికే చవక 4జీ చేతికొచ్చింది. అంత దెబ్బ తిన్నవాళ్లు ముందుగా ఎవరు భయపెడితే వాళ్ల మాటే వింటారు. అందులో వాళ్ల తప్పు లేదు.

2021 డిసెంబరులో జవాద్ ఉత్తరాంధ్ర, ఒడిశా తీరం వైపు వస్తుందన్నారు. అది సముద్రంలోనే బలహీనపడింది. వాతావరణ శాఖ ఆ మార్పును ఎప్పటికప్పుడు బులెటిన్లలో చెప్పింది. ప్రతి బులెటిన్ మీదా తేదీ, సమయం ఉంటాయి. ఫోన్లలో తిరిగే బొమ్మల్లో చాలాసార్లు లేనివి ఆ తేదీ, సమయాలే.

ఇంకోటి. అమెరికా వారి జీఎఫ్ఎస్ మోడల్, అంటే వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కగట్టే పద్ధతి, రోజుకు నాలుగుసార్లు లెక్క కట్టి, 16 రోజుల ముందు దాకా అంచనా చూపిస్తుంది. వారం దాటిన అంచనా పూటపూటకీ మారిపోతుంది. అందులో భయంకరంగా కనిపించే ఒక్క బొమ్మను ఏరి పెట్టేవారిని నేను నమ్మను. ఏ మోడలో, ఏ పూటదో చెప్పేవారిని చదువుతాను. అంచనా తప్పితే పాత పోస్టు తీసేయకుండా, ఎందుకు తప్పిందో దాని కిందే రాసే కుర్రాళ్లున్నారు, సొంతంగా వాతావరణ అంచనాలు పోస్టు చేసేవాళ్లు. వాళ్లు డిగ్రీ చదివారా లేదా అన్నది నాకు తర్వాతి సంగతి.

పడవ పైకి లాగితే ఆ రోజు వేట పోయినట్టే. అందుకే ఒడ్డున పెద్దాయనకు ఫోన్ చూపిస్తే ముందు అడిగేది ఒక్కటే: "ఇది ఏ పూట మాట బాబూ?"