విన్‌మెయిల్.డ్యాట్ ఫైల్ వస్తే డిలీట్ చేయకండి: అపోహలు - వాస్తవాలు

చిన్న ఆఫీసులకు మెయిల్ సమస్యలు చూసిపెట్టడం నా పని. "సార్, ఇన్‌వాయిస్ పంపామంటున్నారు, ఇక్కడేమో డ్యాట్ ఫైల్ వచ్చింది" అంటూ టెన్షన్‌తో ఫోన్లు వస్తూనే ఉంటాయి. చాలాసార్లు ఆ ఫైల్ చెడిపోయి ఉండదు. చెడిపోయిందనుకుని తీసేస్తారే, నాకు బాధ కలిగించేది అదే.

అపోహ: విన్‌మెయిల్.డ్యాట్ అంటే వైరస్.

కాదు. అవుట్‌లుక్‌లో రిచ్ టెక్స్ట్ పద్ధతిలో మెయిల్ రాస్తే అక్షరాల రంగులు, సైజులు, జతచేసిన ఫైళ్లు అన్నిటినీ కలిపి అది ఒకే మూట కడుతుంది. ఆ పద్ధతి పేరు టీనెఫ్. మూట విప్పడం తెలియని మెయిల్ సాఫ్ట్‌వేర్ మూటనే మీ ముందు పెడుతుంది. మీ పీడీఎఫ్ లోపల భద్రంగానే ఉంటుంది. అయితే ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన మూటను మాత్రం విప్పొద్దు.

అపోహ: ఫైల్ పేరు చివర పీడీఎఫ్ అని మారిస్తే తెరుచుకుంటుంది.

పేరు మారితే లోపలి సరుకు మారదు. విండోస్‌లో విన్‌మెయిల్ ఓపెనర్, లినక్స్‌లో టీనెఫ్ అనే కమాండ్ ఆ మూటను విప్పుతాయి. ఆన్‌లైన్‌లో విప్పే సైట్లూ ఉన్నాయి కానీ ఆధార్, బ్యాంకు కాగితాలున్న మెయిల్‌ను దయచేసి వాటికి అప్పగించకండి.

అపోహ: మళ్లీ పంపమంటే సరిపోతుంది.

అదే సెట్టింగ్‌తో పంపితే మళ్లీ అదే వస్తుంది. జిప్ చేసి పంపినా ఆ జిప్ కూడా మూటలోకే పోతుంది. మార్పు పంపేవారి వైపు జరగాలి. అవుట్‌లుక్ ఆప్షన్స్‌లో మెయిల్ విభాగానికి వెళ్లి, రాసే ఫార్మాట్‌ను హెచ్‌టీఎమ్ఎల్‌గా పెట్టాలి. బయటివాళ్లకు రిచ్ టెక్స్ట్ వెళ్తే హెచ్‌టీఎమ్ఎల్‌గా మార్చమనే ఆప్షన్ కూడా అక్కడే కింద ఉంటుంది. మీ ఒక్కరికే ఇలా వస్తుంటే, అవతలివాళ్లు అడ్రస్ టైప్ చేసేటప్పుడు కనిపించే మీ పాత ఎంట్రీని తీసేసి, కొత్తగా టైప్ చేయమనండి. కంపెనీ మొత్తం నుంచి ఇలాగే వస్తుంటే వాళ్ల ఎక్స్ఛేంజ్ (కంపెనీ మెయిల్ సర్వర్) అడ్మిన్, బయటి డొమైన్లకు మెయిల్ ఎలా వెళ్లాలో చెప్పే రిమోట్ డొమైన్ సెట్టింగ్‌లో టీనెఫ్‌ను ఆపాలి.

అపోహ: మెయిల్ నిండా పిచ్చి అక్షరాలుంటే ఫైల్ పోయినట్టే.

మెయిల్ మొదట్లో మామూలు ఇంగ్లిష్ అక్షరాల కోసమే తయారైంది. ఫైళ్లు పంపడానికి 1992లో మైమ్ అనే ప్రమాణం వచ్చింది. అందులోని బేస్64 పద్ధతి ప్రతి 3 బైట్లను 4 అక్షరాలుగా రాస్తుంది. 18 ఎంబీ ఫైల్ మెయిల్‌లో 24 ఎంబీ దాటేది అందుకే. దారిలో మైమ్ హెడర్లు (ఏ భాగం ఏ రకమో చెప్పే వరుసలు) దెబ్బతింటే ఆ అక్షరాలే తెర మీద కనిపిస్తాయి. వాటిని చూసి లోపల ఏముందో చెప్పొచ్చు: 'జె వి బి ఇ ఆర్'తో మొదలైతే పీడీఎఫ్, 'యు ఇ'తో మొదలై తర్వాత చిన్న 'ఎస్' ఉంటే జిప్, లేదా కొత్త వర్డ్, ఎక్సెల్ ఫైల్. ఆ భాగం మొత్తాన్ని కాపీ చేసి బేస్64 డీకోడ్ చేస్తే ఫైల్ చేతికొస్తుంది.

అపోహ: తెలుగు ఫైల్ తెరిస్తే గజిబిజిగా ఉంది, మెయిల్ పాడుచేసింది.

మెయిల్ తప్పు లేదు. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో టైప్ చేసిన వర్డ్ ఫైల్‌లో లోపల ఉండేవి తెలుగు అక్షరాల కోడ్‌లు కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే కనిపిస్తాయి. చదవడానికైతే ఫాంట్ ఎంబెడ్ చేసిన (ఫైల్‌లోనే కలిపిన) పీడీఎఫ్ అడగండి. మార్పులు చేయాలంటే యూనికోడ్‌లోకి (తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లున్న పద్ధతిలోకి) మార్చి పంపమనండి.