విమానాలు ఎండబెట్టే ఊరు

విశాఖ బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామికి ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం రెక్క కింద నిలబడితే కాసేపు నోట మాట రాదు. ఆ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 50 మీటర్లు. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటిగా రెండేసి ప్రొపెల్లర్లు. ముందున్నది ఇటు తిరిగితే వెనకది అటు తిరుగుతుంది. ఈ రకం విమానాలు 1988 నుంచి మన నౌకాదళం తరఫున సముద్రం మీద గస్తీ తిరిగి, 2017 మార్చిలో అరక్కోణంలో సెలవు తీసుకున్నాయి. వాటిలో ఒకటి అదే ఏడాది డిసెంబరులో ఇక్కడ మ్యూజియం అయింది. ఎప్పుడు వెళ్లినా నాకు కళ్లనిండా చూడాలనే ఉంటుంది, కానీ వెనకే కొంచెం టెన్షన్ కూడా ఉంటుంది. ఎందుకంటే రోడ్డు దాటితే సముద్రమే.

సముద్రపు ఉప్పుగాలికి విమానం తుప్పుపడుతుందంటే, అది అల్యూమినియం కదా, దానికి తుప్పేమిటి అని చాలామంది అడుగుతారు. నిజమే, గాలి తగలగానే అల్యూమినియం మీద దాని ఆక్సైడే సన్నటి పొరలా ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఆ పొర మందం వెంట్రుకలో పదివేలో వంతు కూడా ఉండదు. అయితే వట్టి అల్యూమినియం మెత్తన. విమానం రేకుకు బలం రావాలంటే అందులో నాలుగు శాతం దాకా రాగి కలపాలి. ఆ రాగి ఎక్కువగా చేరిన చోట, ఉప్పునీటి తడి తగిలిందంటే, కంటికి కనబడని చిన్న బ్యాటరీ తయారవుతుంది. ఉప్పులోని క్లోరైడ్ పై పొరను ఛేదిస్తుంది, బ్యాటరీ లోపలి లోహాన్ని తినేస్తుంది.

ఇందుకు వాన పడక్కర్లేదు. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా దానంతట అదే చెమ్మగిల్లడం చూస్తూనే ఉంటాం. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు రేణువు నీటిని పీల్చుకుని బొట్టుగా మారుతుంది. సముద్రం పక్కన అది రోజూ జరిగేదే. ఒకసారి ఇంకో తీరపట్టణంలో స్తంభం మీద నిలబెట్టిన పాత యుద్ధవిమానాన్ని దగ్గరగా చూశాను. పొట్ట కింద రివెట్ల వరుసలో ఒక్కో రివెట్ తల చుట్టూ రంగు బుడగలా ఉబ్బి ఉంది. ఒక బుడగ పగిలిన చోట వేలితో తాకితే ముగ్గులాంటి తెల్లటి పొడి అంటుకుంది. ఆ పొడి ఒకప్పుడు రేకు. దాని పక్కనే అంచు, కాజా పొరల్లా విడిపోతోంది.

అమెరికా తన పాత సైనిక విమానాలను అరిజోనా ఎడారిలో, టూసాన్ ఊరి పక్కన పెట్టడానికి కారణం ఇదే. అక్కడి డేవిస్-మోంథన్ స్థావరంలో 1946 నుంచి విమానాలు దాస్తున్నారు. 2,600 ఎకరాల్లో వరుసలు వరుసలుగా వేలాది విమానాలు. ఏడాది మొత్తం మీద కురిసే వాన సగటున 30 సెంటీమీటర్లలోపే, విశాఖలో దానికి మూడు రెట్లు. నేల కూడా కలిసొచ్చింది. సున్నం గడ్డకట్టి రాయిలా ఉంటుంది, బాంబర్ చక్రాలు కూడా దిగబడవు, సిమెంటు పోయక్కర్లేదు. జనం దీన్ని విమానాల శ్మశానం అంటారు. ఆ పేరు నాకు నచ్చదు. మనం వడియాలు ఎందుకు ఎండబెడతాం? పారేయడానికి కాదు కదా.

వచ్చిన విమానాన్ని ముందు బాగా కడిగి ఉప్పు వదిలిస్తారు. ఇంధనం తీసేసి, ఆ గొట్టాల్లోకి పల్చటి నూనె ఎక్కించి మళ్లీ దించేస్తారు. లోపలి గోడలకు నూనె పొర మిగులుతుంది. ఆవకాయ జాడీలో పైకి తేరిన నూనె చేసే పనే అదీ చేస్తుంది. తర్వాత కన్నాలు, సందులు టేపుతో మూస్తారు. తేమ నుంచి కాపాడిన ఆ ఎండే రబ్బరునీ ప్లాస్టిక్‌నీ చంపుతుంది కాబట్టి అద్దాల మీద, పైభాగాల మీద ముందు నల్లగా, దాని మీద తెల్లగా ఒక పూత కొడతారు. తెలుపు ఎండను తిప్పికొట్టడంతో లోపలి వేడి బయటి వేడికి దగ్గర్లోనే ఉంటుంది. విమానం మళ్లీ కావాల్సి వస్తే ఆ పూతను తొక్కలా ఊడదీయొచ్చు. 2008లో అక్కడికి చేరిన ఒక బీ-52 బాంబర్ ఏడేళ్లు ఎండలో ఉండి, 2015లో తిరిగి ఎగిరిపోయింది. అన్నిటికీ ఆ అదృష్టం లేదు. అణ్వాయుధ ఒప్పందం ప్రకారం 365 బీ-52లను, క్రేన్‌తో దాదాపు ఆరు టన్నుల కత్తిని పైనుంచి వదిలి ముక్కలు చేశారు. రష్యా ఉపగ్రహాలు చూసుకునేలా ఆ ముక్కలను ఆరుబయటే ఉంచారు.

అక్కణ్నించి కొద్ది దూరంలోనే పీమా విమానాల మ్యూజియం. అరిజోనాలోనే చాండ్లర్‌లో ఉండే మా అక్కావాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు చూశాను. దాదాపు 400 విమానాలు ఉన్నాయి, నేను మాత్రం ఒక్కదాని దగ్గరే ఎక్కువసేపు ఆగిపోయాను. బీ-24 లిబరేటర్. రెండో ప్రపంచ యుద్ధంలో 18 వేలకు పైగా తయారైన బాంబర్ అది. యుద్ధం అయ్యాక బ్రిటిష్ వైమానిక దళం వాటిలో కొన్నిటిని కాన్పూర్‌లో ఎవరికీ పనికిరాకుండా కావాలనే పాడుచేసి వదిలేసింది. మన హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థవాళ్లు ఆ గుట్టలోంచి సుమారు 40 విమానాలను బాగుచేశారు. ఎగరగలిగేంత మాత్రం అతుకులు వేస్తే, పైలట్ జమ్‌షెడ్ మున్షీ వాటిని బెంగళూరుకు నడుపుకొచ్చారు. అవి మన వైమానిక దళంలో 1968 దాకా పనిచేశాయి. అందులో ఒకదాన్ని 1969లో మన దేశం ఈ మ్యూజియానికి ఇచ్చింది.

అమెరికాలో మిగిలిన లిబరేటర్లు ఏమయ్యాయి? చాలావాటిని యుద్ధం కాగానే ఇదే అరిజోనాలో, కింగ్‌మన్ దగ్గర కొలిమిలో కరిగించి అల్యూమినియం దిమ్మెలుగా పోశారు. కాన్పూర్‌లో పాడైపోయి పడున్నది మాత్రం బెంగళూరులో బాగుపడి, ఇరవై ఏళ్లు ఎగిరి, ఇప్పుడు టూసాన్‌లో హ్యాంగర్ నీడన ఉంది. రివెట్లు వంగి చూశాను. ఎక్కడా తెల్లపొడి లేదు.