గ్లాసులో కనబడని విషం, గుట్ట కింద యురేనియం

నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో బోరు నీళ్లు గ్లాసులో పోసి వెలుతురుకు పట్టి చూస్తే ఏమీ కనబడదు. రంగు లేదు, వాసన లేదు, తాగినా రుచిలో తేడా తెలియదు. అందులోని ఫ్లోరైడ్ ముందు పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలుగా బయటపడుతుంది. ఏళ్లు గడిచాక ఎముకల్లో చేరి వెన్ను వంచేస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నల్లగొండ పల్లెల్లో తరాల పాటు జనం అంతకు మించిన నీళ్లే తాగారు.

యురేనియం మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ గ్లాసే గుర్తొస్తుంది. 2003లో నాగార్జునసాగర్ జలాశయం దగ్గరి లంబాపూర్, పెద్దగట్టు గనుల ప్రతిపాదన మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే జనం గట్టిగా అడ్డుచెప్పారు. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. నల్లమల అట్టుడికింది. ఆ సెప్టెంబరులోనే రాష్ట్ర శాసనసభ తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.

"వాళ్లకు సైన్సు తెలియక భయపడుతున్నారు" అనే మాట ఇలాంటప్పుడు తప్పకుండా వినబడుతుంది. అది పొరపాటని నేను గట్టిగా నమ్ముతాను.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ స్లోవిక్ 1987లో 'సైన్స్' పత్రికలో రాసిన వ్యాసం ఇక్కడ బాగా పనికొస్తుంది. నిపుణులు ప్రమాదాన్ని చాలావరకు మరణాల లెక్కతో తూస్తారు. సామాన్యులు ఇంకా చాలా అడుగుతారు. అది కంటికి కనబడుతుందా? ఎప్పుడో తర్వాత దెబ్బతీస్తుందా? దాన్ని ఆపడం నా చేతిలో ఉందా? పుట్టబోయే పిల్లలకూ తగులుతుందా? అణుశక్తి విషయంలో ఈ ప్రశ్నలన్నీ ఒకేసారి లేస్తాయి. నల్లగొండ మనిషికి వీటిని ఎవరూ నేర్పనక్కరలేదు. ఫ్లోరైడ్ ఎప్పుడో నేర్పింది.

అమెరికా పరిశోధకుడు డాన్ కహాన్ బృందం 2012లో వెల్లడించిన అధ్యయనం మరింత ఆలోచింపజేస్తుంది. వాతావరణ మార్పు గురించి అమెరికన్లను అడిగితే, సైన్సు, లెక్కలు బాగా తెలిసినవారి మధ్యే అభిప్రాయాలు ఇంకా దూరంగా ఉన్నాయి. తెలివి పెరిగేకొద్దీ మనిషి తన విలువలకు, తనవాళ్ల నమ్మకాలకు సరిపడే వాదనలను ఇంకా నేర్పుగా ఏరుకోగలడు. ఇది చదువుకున్న మనకూ వర్తిస్తుంది.

ఒక చోటుతో పెనవేసుకున్న అనుబంధం ఇంకో సంగతి. చెంచులకు నల్లమల ఇల్లు, తేనె, గడ్డలు, ఏటా జాతర జరిగే సలేశ్వరం లింగమయ్య. అక్కడ డ్రిల్లింగ్ యంత్రం దిగితే "నేనెవరు?" అన్న ప్రశ్నే కదులుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే రైతుకు ఆనకట్ట అన్నం పెట్టిన తల్లి. నీళ్లందని దేవరకొండ మెట్ట రైతుకు అదే ఆనకట్ట పక్కవాడి అదృష్టం. ఇద్దరి ఇళ్లలోనూ వెలిగేది కరెంటు దీపమే.

ఒప్పుకోవలసిన నిజం మరొకటి ఉంది. యూనిట్ కరెంటుకు లెక్కేస్తే బొగ్గు వల్ల పోయే ప్రాణాలు అణువిద్యుత్తు వల్ల పోయేవాటికంటే చాలా ఎక్కువ. దామరచర్లలో 4,000 మెగావాట్ల బొగ్గు కేంద్రం కట్టుకున్న జిల్లా ఈ లెక్కను పక్కన పెట్టడం కుదరదు. కానీ పెద్దగట్టులో ఆ లెక్కతో మాట మొదలుపెడితే ఎవరూ వినరు. గని పక్క బోరు నీళ్లను ఏటా ఎవరు పరీక్షిస్తారు, ఆ అంకెను ఊళ్లో ఏ గోడ మీద రాస్తారు, తేడా వస్తే పని ఆపమనే అధికారం గ్రామసభకు ఉంటుందా అన్నవి ముందు తేలాలి.