ఊరి బోర్డు మీద రెండో పేరు: కారింథియాలో హక్కు తలల లెక్కగా మారిన తీరు

ఆస్ట్రియా దక్షిణ రాష్ట్రం కారింథియాలో 164 ఊళ్ల బోర్డుల మీద జర్మన్ పేరుతో పాటు, అక్కడి మైనారిటీ స్లొవీన్ల భాషలో (పొరుగున ఉన్న స్లొవేనియా భాష) పేరూ ఉంటుంది. ఆ జాబితా 2011 నాటి చట్టంలోది. తగువు దానితో తీరిపోయిందని ప్రభుత్వం అంటే, జాబితాకు ఎక్కని ఊళ్ల సంగతేమిటని స్లొవీన్లు అడుగుతూనే ఉన్నారు.

దక్షిణ కారింథియా ఆస్ట్రియాలోనే ఉండాలని తేల్చిన 1920 ప్రజాభిప్రాయ సేకరణ, 1972లో కొత్తగా పెట్టిన బోర్డులను గుంపులు రాత్రికి రాత్రి పీకేయడం చాలామందికి తెలిసినవే. అసలు మలుపు 1976లో వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆస్ట్రియాకు స్వాతంత్ర్యం తిరిగిచ్చిన 1955 ఒప్పందంలోని 7వ అధికరణం ‘స్లొవీన్ లేదా మిశ్రమ జనాభా’ ఉన్నచోట రెండు భాషల్లో బోర్డులు ఉండాలంది. శాతమేదీ చెప్పలేదు. 1972లో రెండు భాషల బోర్డులు పెట్టాలనుకున్న ఊళ్లు 205. బోర్డులు కూలాక 1976 చట్టం జనాభాలో 25 శాతం స్లొవీన్లు ఉండాలని షరతు పెట్టింది. మాతృభాష అడుగుతూ అదే ఏడాది నవంబరులో దేశమంతటా ప్రత్యేక గణన జరిపింది. స్లొవీన్ సంఘాలు దాన్ని బహిష్కరించాయి. ఆ తర్వాత 1977లో వచ్చిన జాబితాలో మిగిలినవి 91 ఊళ్లే.

స్లొవీన్ల అభ్యంతరం ఇది: పొలం, ఉద్యోగం, ఇరుగుపొరుగు అన్నీ జర్మన్ మాట్లాడేవాళ్లతో ముడిపడిన చోట తన భాష ఫలానా అని ప్రకటించడమే ప్రమాదం. బడిలోనూ అదే జరిగింది. 1945 నుంచి దక్షిణ ప్రాంతపు పిల్లలందరూ రెండు భాషల్లో చదివేవారు. 1958 తర్వాత స్లొవీన్ కావాలని తల్లిదండ్రులే నమోదు చేయించుకోవాల్సి వచ్చింది. వేలమంది పిల్లలు ఆ తరగతులకు దూరమయ్యారు. పైగా గణన పత్రాల్లో ‘విండిష్’ అని మరో గడి ఉండేది. అదే స్లొవీన్ మాట్లాడేవాళ్లలో కొందరు దానిలోకి వెళ్లేసరికి స్లొవీన్ల సంఖ్య ఇంకా తగ్గి కనబడేది. 1910లో 66 వేలు దాటిన సంఖ్య 2001కి 12,554కు పడిపోయింది. షరతే భయాన్ని పెంచి, భయం సంఖ్యను తగ్గించింది. స్లొవేనియా అప్పట్లో భాగమైన యుగోస్లావియా సేనలు రెండుసార్లు వచ్చిన చోటు కాబట్టి తమకూ భయముందని జర్మన్ పక్షం అంటుంది. ఆ భయమూ నిజమే, కానీ బోర్డుకు అది జవాబు కాదు.

ఈ చిక్కుముడి మీద గట్టి దెబ్బ వేగపరిమితి కేసులో పడింది. ఆస్ట్రియాలో ఊరి బోర్డు దగ్గరే గంటకు 50 కిలోమీటర్ల పరిమితి మొదలవుతుంది. ఒక స్లొవీన్ న్యాయవాది సాంక్ట్ కాంజియన్ (స్లొవీన్‌లో ష్కోత్స్యాన్) ఊళ్లో కావాలనే వేగంగా నడిపి, ఒక్క భాషలో ఉన్న బోర్డు చట్టవిరుద్ధం కాబట్టి జరిమానా చెల్లదని వాదించారు. 2001 డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం 25 శాతం షరతును కొట్టేసి, స్లొవీన్లు చాలాకాలంగా 10 శాతానికి మించి ఉంటే చాలంది.

తీర్పు అమలు కాలేదు. బోర్డు ఎక్కడ ఉండాలో జిల్లా అధికారి ఉత్తర్వు చెబుతుంది. 2006లో కారింథియా గవర్నర్ యోర్గ్ హైడర్ బ్లైబుర్గ్ ఊరి బోర్డులను కొన్ని మీటర్లు పక్కకు జరిపించారు. చోటు మారితే ఉత్తర్వూ కొత్తదే, పాత ఉత్తర్వు మీద వచ్చిన తీర్పు దానికి తగలదు. తర్వాత జర్మన్ బోర్డు కింద చిన్న స్లొవీన్ పలక తగిలించే పద్ధతి తెస్తే దాన్నీ న్యాయస్థానం తప్పుపట్టింది.

2011 రాజీ 17.5 శాతం దగ్గర ఆగింది, కోర్టు చెప్పిన 10 దగ్గర కాదు. ఎబెర్న్‌డోర్ఫ్, సాంక్ట్ కాంజియన్ మున్సిపాలిటీల్లో కొన్ని ఊళ్లవాళ్లే కార్యాలయంలో స్లొవీన్ వాడొచ్చు. అదే కార్యాలయానికి వచ్చే పక్క ఊరివాళ్లకు ఆ హక్కు లేదు. ఇక 2011 నుంచి ఆస్ట్రియా జనగణన రిజిస్టర్ల మీదే నడుస్తోంది, భాష అడగదు. జాబితాలో లేని ఊరు ఇవాళ తన శాతం చూపించాలన్నా 2001 అంకెలే దిక్కు.