గ్రంథాలయానికి మేడ కడుతున్నారా? ప్లాను మీద అపోహలు, వాస్తవాలు

ఇచ్ఛాపురం, పలాస, పర్లాకిమిడి, బరంపురం. ఎక్కడైనా సరే, పాత గ్రంథాలయం తీసేసి మూడంతస్తుల మేడ కట్టాలనుకోగానే చర్చంతా ముఖద్వారం ఎలా ఉండాలన్న దాని చుట్టూనే తిరుగుతుంది. కట్టాక ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టేవి మాత్రం లోపలి కొలతలు. ఈ ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ప్రాంతంలో ప్లాన్లు గీసే మాకు తరచూ వినిపించే మాటలు కొన్ని, వాటికి మా జవాబులు.

అపోహ: ఇంటికి వేసే స్లాబే గ్రంథాలయానికీ చాలు.

వాస్తవం: చాలదు. ఇంటి గదికి చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్ల భారం లెక్కేస్తారు. భవనాల భారాలకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం పుస్తకాల ర్యాకులుండే గదికి 6 లెక్కేయాలి, అంటే సుమారు 600 కిలోలు. అదీ 2.2 మీటర్ల ఎత్తు వరకే. ఆపైన ప్రతి మీటరుకూ మరో 2 కలపాలి. పుస్తకాలు వేరే గదిలో ఉంటే చదువుకునే గదికి 3 సరిపోతుంది, అక్కడే ఉంటే 4. పట్టాల మీద జరిపే ర్యాకుల్లో (కంపాక్టర్లలో) వరస వరసకూ నడవ ఉండదు కాబట్టి బరువంతా ఒకేచోట పడుతుంది. దానికి తయారీదారు ఇచ్చిన బరువులతో విడిగా లెక్క కట్టించాలి.

అసలు చిక్కు కొన్నేళ్ల తరవాత మొదలవుతుంది. కింద చోటు చాలక, 3కి డిజైన్ చేసిన పై హాల్లోకి ర్యాకులు ఎక్కిస్తారు. స్లాబు కుంగుతుంది, దూలాల అడుగున పగుళ్లు కనిపిస్తాయి. మా మాట వింటే అన్ని అంతస్తులూ 6కే డిజైన్ చేయించండి. ఇనుము కొంత ఎక్కువ పడుతుంది, కానీ రేపు ఏ గదినైనా ఎలాగైనా మార్చుకోవచ్చు. డబ్బు చాలకపోతే, ఏ గది ఎంత భారానికి కట్టిందో గోడ మీద పెయింటుతో రాయించండి.

అపోహ: స్తంభాలు ఎక్కడ వచ్చినా ర్యాకులు సర్దేసుకోవచ్చు.

వాస్తవం: ముందు ర్యాకు కొలత, తరవాతే స్తంభం. రెండు వైపులా పుస్తకాలు పెట్టే ర్యాకు లోతు 50 సెంటీమీటర్లు, నడవ మీటరు, కలిపి మీటరున్నర. 6 మీటర్లకో స్తంభం వేస్తే ప్రతి స్తంభమూ ర్యాకు వరసలోనే పడుతుంది, నడవలన్నీ ఖాళీగా ఉంటాయి. అదే 5 మీటర్లకు వేస్తే రెండో స్తంభమే నడవలో దిగుతుంది. స్తంభం 40 సెంటీమీటర్లుంటే దాని పక్కన మిగిలే పెద్ద సందు 55 సెంటీమీటర్లు. అందులోంచి చక్రాల కుర్చీ పోదు, పుస్తకాల ట్రాలీ కూడా పోదు. వరసల చివర కుర్చీ తిరగడానికి 1.5 మీటర్ల వెడల్పు వదలాలి.

అపోహ: ముందువైపంతా అద్దం పెడితే వెలుతురు బాగా వస్తుంది.

వాస్తవం: గాలి వేగాల పటంలో ఈ తీరం సెకనుకు 50 మీటర్ల మండలంలో ఉంది. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాయి. అద్దం పగిలితే వాన నేరుగా అరల మీద పడుతుంది. పడమటి ఎండ సంగతి చెప్పక్కర్లేదు, అట్టలు వెలిసిపోతాయి. కిటికీలు ఉత్తరం వైపు పెట్టి, ర్యాకుల వరసలను కిటికీ గోడకు సమాంతరంగా కాకుండా లంబంగా నిలబెడితే వెలుతురు నడవల్లోకి దిగుతుంది. ఉప్పుగాలి తేమకు బూజు పట్టకుండా బయటి గోడకూ ర్యాకుకూ మధ్య కనీసం 10 సెంటీమీటర్లు వదలాలి.

అపోహ: బరువు కాబట్టి పుస్తకాలన్నీ సెల్లారులో పెట్టాలి.

వాస్తవం: బరువు కింద ఉండటం మంచిదే, కానీ సెల్లారు వద్దు. తిత్లీ అప్పుడు బాహుదా, వంశధార నదులు పొంగాయి. ఊళ్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దల్ని అడిగి, ఆ గుర్తు కన్నా 60 సెంటీమీటర్లు పైకి పునాది మట్టం తేవాలి. కింది అర నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. తాళపత్రాలు, పాత పత్రికలు మధ్య అంతస్తులో పెడితే వరదా అందదు, పై స్లాబు ఎండా తగలదు. మరుగుదొడ్లన్నీ ఒకదాని మీద ఒకటి రావాలి. వాటి గొట్టం ఒక్కటి కూడా పుస్తకాల మీదుగా పోకూడదు. ట్యాంకు కూడా ఆ దొడ్ల పైనే.

అపోహ: తెలుగుకో అంతస్తు, ఒడియాకో అంతస్తు ఇస్తే తగువుండదు.

వాస్తవం: 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు హద్దు నేల మీద గీశారు, ఇళ్ల మధ్య కాదు. ఇక్కడ తాత తెలుగు పేపరు చదువుతుంటే మనవడు ఒడియా బడికి పోతాడు. వాళ్లను మెట్ల మీద విడదీయడం అన్యాయం. అంతస్తులను వాడకాన్ని బట్టి పంచాలి. కింద పేపర్లు, పిల్లల విభాగం, కౌంటరు. ఒకటో అంతస్తులో ఇంటికిచ్చే పుస్తకాలు. పైన పోటీ పరీక్షలవాళ్లు. పిల్లల ర్యాకు 1.2 మీటర్లు దాటకూడదు, తెలుగు, ఒడియా, సవర బొమ్మల పుస్తకాలు అందులో పక్కపక్కనే ఉండాలి. భాషల మధ్య గోడలు కట్టకండి, వాటాలు ఏటేటా మారతాయి. మొదటి రోజే అరలు నింపెయ్యకండి, పావు వంతు ఖాళీ ఉంచండి.

అపోహ: ర్యాంపు వేస్తే లిఫ్టు అక్కర్లేదు.

వాస్తవం: 12 మీటర్ల పొడవుకు ఒక మీటరు ఎత్తు చొప్పున, 3.6 మీటర్ల అంతస్తు ఎక్కాలంటే 43 మీటర్ల ర్యాంపు కావాలి. ల్యాండింగులు అదనం. గుమ్మం వరకు ర్యాంపు, పైకి లిఫ్టు. కరెంటు పోతే నడిచేలా లిఫ్టుకు జనరేటరు కనెక్షను ఉండాలి.

అపోహ: రాత్రి చదువుకునే హాలుకు ఒక మెట్లదారి తెరిచి, రెండోదానికి గ్రిల్లు వేసి తాళం పెడితే పుస్తకాలు భద్రం.

వాస్తవం: పుస్తకాలు భద్రమే, పైన కూర్చున్న పిల్లలు కాదు. పొగ కమ్మితే తాళం చెవి ఎవరి దగ్గరుందో వెతికే సమయం ఉండదు. హాలుకు రెండు మెట్లదారులు, చెరో చివర, పుస్తకాల విభాగంలోంచి పోనక్కర్లేకుండా నేరుగా బయటికి దిగేలా ప్లాన్లోనే గీయాలి. తాళం పుస్తకాల విభాగం తలుపులకు వేసుకోండి, మెట్లకు వద్దు.